కస్టమ్ రైఫిల్, 480 గజాల దూరంలో అడవి పంది: తప్పు ఎక్కడ జరిగింది?

నల్లరేగడి

ఎనిమిది నెలలు ఎదురుచూసి చేయించుకున్న రైఫిల్ ఇది. 6.5 క్రీడ్‌మోర్ రకం తూటా, 24 అంగుళాల బ్యారెల్, ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు, 143 గ్రెయిన్ల తూటా. వంద గజాల్లో ఐదు తూటాలు కాగితం మీద అర అంగుళం మించి చెదరలేదు. ఇనుప పలకల మీద 600 గజాల దాకా సాధన చేశాను. ఇక వేటకు సిద్ధమే అనుకున్నాను.

మొన్న సాయంత్రం, యజమాని అనుమతి ఉన్న పొలంలో ఎత్తైన గట్టు మీద బోర్లా పడుకున్నాను. కోసేసిన మొక్కజొన్న చేను అంచున పదిహేను పందుల మంద నేల తవ్వుకుంటోంది. మందకు కాస్త ఎడంగా ఒక పెద్ద మగపంది. దూరం కొలిస్తే 480 గజాలు. పక్కకు తిరిగి నిలబడింది. నా ముందున్న గడ్డి కదలడం లేదు కాబట్టి గాలి లేదనుకున్నాను. ట్రిగ్గర్ నొక్కాను. దాదాపు రెండు సెకన్ల తర్వాత, తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు చప్పుడు వినిపించింది. పంది నడుము పైకి ముడుచుకుని పొదల్లోకి పరుగెత్తింది.

చీకటి పడేదాకా నేనూ మా మిత్రుడూ వెతికాం. మర్నాడు పొద్దున ముళ్లపొదల్లో దొరికింది. గురిపెట్టిన చోటికి పద్నాలుగు అంగుళాలు వెనక, నాలుగు అంగుళాలు దిగువన తగిలింది. రాత్రంతా అది మూడుచోట్ల పడుకుంది. ప్రతిచోటా అణిగిన మట్టి, ఎండిన నెత్తురు. మూడో చోట ముట్టెతో పైమట్టి తోసేసి చల్లటి నేల మీద కడుపు ఆనించుకుంది. ఆ పడకలు చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

లోపం రైఫిల్‌లో ఉందా, నాలో ఉందా? మొహమాటం లేకుండా చెప్పండి.

బ్యారెల్‌మేస్త్రి

తమ్ముడూ, దాచకుండా రాశావు కాబట్టి నేనూ సూటిగానే రాస్తాను. నా వృత్తి ఇదే, అందుకని ముందు రైఫిల్ సంగతి తేలుద్దాం.

ఒక కాగితం ముక్క తీసుకుని బ్యారెల్‌కూ స్టాక్‌కూ (భుజానికి ఆనించే దిమ్మె) మధ్య పెట్టి చివరి నుంచి యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం) దాకా జరుపు. ఎక్కడా పట్టకుండా జారాలి. బ్యారెల్ వేడెక్కినప్పుడు గానీ, సంచి మీద బరువు ఆనించినప్పుడు గానీ స్టాక్ దాన్ని ముట్టుకుంటే తూటా దారి మారుతుంది. తర్వాత యాక్షన్ మరలు. అల్యూమినియం పిల్లర్లు వేసిన స్టాక్‌కు సాధారణంగా 65 అంగుళాల-పౌండ్ల బిగింపు ఇస్తాం. చేతి అంచనాతో కాదు, టార్క్ రెంచితో చూడు. స్కోప్ కింది పట్టీ, రింగులు కూడా అలాగే. కొత్త రైఫిల్‌లో మొదటి వంద తూటాల లోపల మరలు కాస్త సడలడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఐదు తూటాల గ్రూపు, అంటే రంధ్రాలు చెదిరిన మేర, వేడి బ్యారెల్‌తోనా, చల్లటి బ్యారెల్‌తోనా? వేటలో మొదటి తూటాయే లెక్క. పొద్దున్నే బయటికి తీసి, ఒకే ఒక్క తూటా పేల్చి, లోపల పెట్టేయాలి. ఇలా పది రోజులు ఒకే కాగితం మీద పేల్చాలి. పదో రోజు ఆ కాగితం చూపించేదే నీ రైఫిల్ నిజమైన గ్రూపు.

ఇంకొకటి. తూటా వేగం ఎంతో కొలిచావా, పెట్టె మీద రాసిన అంకెనే నమ్మావా?

నల్లరేగడి

అన్నగారూ, పెట్టె మీద సెకనుకు 2,700 అడుగులని ఉంది. అదే అంకెను ఫోనులోని లెక్కల యాప్‌లో వేసుకున్నాను. కొలవలేదు. ఇనుప పలకల మీద తగులుతోంది కదా అని సరిపెట్టుకున్నాను.

బ్యారెల్‌మేస్త్రి

పలక ఎంత పెద్దది?

నల్లరేగడి

పద్దెనిమిది అంగుళాలు.

బ్యారెల్‌మేస్త్రి

పద్దెనిమిది అంగుళాల పలక నాలుగు అంగుళాల తప్పును సులువుగా దాచేస్తుంది. ఎక్కడ తగిలినా గంట మోగుతుంది. పలకకు సున్నం పూసి ప్రతి దెబ్బా మధ్య నుంచి ఎంత దూరంలో పడిందో చూసుకోవాలి. వేగం కొలిచి చెప్పు, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

గాలివాటం

నేను పోటీల్లో దూరపు గురి కొడతాను. వేటకు వెళ్లింది తక్కువ, కాబట్టి పంది గురించి కాకుండా గాలి గురించి చెబుతాను.

"నా ముందున్న గడ్డి కదలడం లేదు" అన్నారు. మీరు గట్టు మీద బోర్లా పడుకున్నారు, మీ ముందు గడ్డి నేలను అంటుకుని ఉంది. నేలకు దగ్గరగా గాలి ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుంది. మీ తూటా మాత్రం గట్టు దిగి, పల్లం మీదుగా, నేలకు చాలా ఎత్తులో వెళ్లింది. ఆ పల్లంలో ఏ గాలి ఉందో మీ కళ్ల ముందున్న గడ్డి చెప్పలేదు.

మీ తూటాకు గంటకు పది మైళ్ల అడ్డగాలి 500 గజాల్లో సుమారు అడుగున్నర పక్కకు తోస్తుంది. అదే గాలి 300 గజాల్లో తోసేది ఆరంగుళాలు. దూరం రెట్టింపు కూడా కాలేదు, తోపు మూడింతలైంది. ఇక నాలుగు మైళ్ల గాలిని చూసుకోకపోతే 480 గజాల్లో ఆరున్నర అంగుళాలు పోయినట్టే. నాలుగు మైళ్ల గాలి అంటే ముఖానికి తెలిసీ తెలియకుండా సోకేది, ఆకులు సన్నగా అల్లల్లాడేది, అంతే. పెద్ద పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు అనుకుంటే మధ్య నుంచి అంచుకు నాలుగే. అంటే అంత చిన్న గాలే మీ తూటాను ఆ చోటు దాటించగలదు.

దూరాన గాలిని చూడటానికి స్కోప్‌లో ఎండమావి అలలు గమనించండి. అలలు నిలువుగా లేస్తుంటే గాలి లేనట్టు లేదా మీకు సూటిగా వీస్తున్నట్టు. పక్కకు పారుతుంటే అటు గాలి. ఫోకస్‌ను పందికి కాస్త ఇవతల పెడితే అలలు బాగా కనిపిస్తాయి. సాయంత్రం నేల చల్లబడ్డాక ఈ అలలు మాయమైపోతాయి. మీరు పేల్చింది సరిగ్గా ఆ వేళలోనే.

అడవిబాట

గాలివాటం గారి లెక్కకు ఇంకొకటి కలపాలి. పంది ఇనుప పలక కాదు.

480 గజాలు దాటడానికి ఆ తూటాకు 0.6 సెకను పడుతుంది. మీ మెదడు "ఇప్పుడు" అనుకున్నాక వేలు కదలడానికి ఇంకో 0.2 సెకను. అంటే మీరు నిర్ణయం తీసుకున్నది ఒక పంది మీద, తూటా చేరింది 0.8 సెకను తర్వాతి పంది మీద. మేస్తున్న పంది ఒక్కచోట ఉండదు. ముట్టె నేలలో పెట్టి తవ్వుతుంది, అడుగు వేస్తుంది, మళ్లీ తవ్వుతుంది. అడుగు మొదలుపెట్టిన క్షణంలో అది ఎనిమిది అంగుళాలు ముందుకు జరగడం ఏమంత కష్టం? గాలి ఆరు, అడుగు ఎనిమిది, మొత్తం పద్నాలుగు. మీ కొలత అదే కదా.

ఈ తప్పుకు మందు కొత్త స్కోప్‌లో లేదు, కొత్త తూటాలో లేదు. ఎంత మంచి రైఫిలైనా ఆ 0.8 సెకనును చెరిపేయలేదు. దగ్గరకు వెళ్లడం ఒక్కటే మార్గం. పంది చూపు మందం. వినికిడి చురుకు. వాసన పట్టడంలో దాన్ని మించినది అరుదు. గాలి మీ ముఖానికి తగిలేలా నడిస్తే, తల దించి తవ్వుతున్నప్పుడు కదిలి, తల ఎత్తగానే ఆగితే, నూరు గజాల లోపలికి చేరడం కష్టం కాదు. నేను నలభై గజాల దాకా వెళ్లాను. దాని దవడల చప్పుడు వినిపించేది.

కొండగాలి

అడవిబాట గారితో పూర్తిగా ఏకీభవించలేను. దూరం నుంచి పేల్చడమే తప్పన్నట్టు మాట్లాడటం న్యాయం కాదు.

నేను పదేళ్లుగా 500 గజాల పైన సాధన చేస్తున్నాను. గాలి కొలిచే మిత్రుడు పక్కన ఉండి, నేను బోర్లా పడుకుని, తూటా వేగం కొలిచి, గాలి నిలకడగా ఉండి, పంది పడుకుని ఉంటేనో కదలకుండా నిలబడి ఉంటేనో 450 దాకా పేల్చాను. గాయపరిచి వదిలేసింది ఒక్కటి కూడా లేదు. దగ్గరకు పాకి, నిలువు మీద, ఆయాసంతో, చెట్టుకు ఆనుకుని నూరు గజాల్లో గురి తప్పి గాయపరిచిన వాళ్లను మాత్రం చాలామందిని చూశాను. కొన్ని నేలల్లో దగ్గరకు చేరే దారే ఉండదు. నాలుగు పక్కలా చదును, మధ్యలో మంద. అలాంటి చోట ఏం చేయాలి?

అడవిబాట

వదిలేయాలి. రేపు మళ్లీ రావాలి.

మీరు చెప్పిన షరతులు లెక్కపెట్టాను, ఐదు ఉన్నాయి. ఐదూ ఒకేసారి కుదిరే రోజులు ఏడాదికి ఎన్ని? మీరు ఆ క్రమశిక్షణ పాటిస్తారని నమ్ముతాను. కొత్తగా రైఫిల్ చేయించుకున్న వాళ్లకు మాత్రం షరతులు గుర్తుండవు, 450 అన్న అంకే గుర్తుంటుంది.

కొండగాలి

ఆ మాట ఒప్పుకుంటాను. ఇకమీదట అంకె రాసినప్పుడల్లా షరతులే ముందు రాస్తాను.

పొలంగట్టు

నేను వేటగాణ్ణి కాదు, రైతును. మీరు ఒక్క పంది గురించి బాధపడుతున్నారు, అది మంచి మనసు. నా బాధ మిగిలిన పద్నాలుగింటి గురించి.

ఆడపందికి గర్భం సుమారు 115 రోజులు. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు, ఎక్కువా ఉంటాయి. ఆ పిల్లల్లో ఆడవి ఏడాది తిరగక ముందే ఈనగలవు. ఒక్కో రాత్రి ఒక్కో పందిని దూరం నుంచి కొట్టి ఈ సంఖ్యను తగ్గించగలమా? పైగా చప్పుడు కాగానే మంద చెదిరి పక్క పొలాల్లో చేరుతుంది, రాత్రిళ్లు మాత్రమే బయటికి రావడం నేర్చుకుంటుంది. తర్వాత బోను పెట్టినా దగ్గరకు రాదు.

అమెరికా అనుభవం చూడండి. 1539లో హెర్నాండో డి సోటో ఫ్లోరిడాలో దిగినప్పుడు పెంపుడు పందులను వెంట తెచ్చాడు. అలా తెచ్చినవీ, దొడ్లు తప్పించుకున్నవీ, తర్వాత వేట కోసం వదిలిన యూరప్ అడవి పందులూ కలిసిపోయి ఇప్పుడు 35 రాష్ట్రాల్లో 60 లక్షలకు పైగా ఉన్నాయని అక్కడి వ్యవసాయ శాఖ అంచనా. టెన్నెసీలో 1999లో ఎన్నయినా కొట్టుకోవచ్చని రాష్ట్రమంతటా వేట తెరిచారు. పందులు తగ్గలేదు సరికదా కొత్త ప్రాంతాలకు పాకాయి. వేట సరదా కోసం మనుషులే వాటిని బండ్లలో తెచ్చి వదిలారు. 2011లో ఆ విధానం మార్చుకోవలసి వచ్చింది. మిస్సోరీ సంరక్షణ శాఖ 2016లో తన భూముల్లో పందుల వేటనే ఆపేసింది, మందను మొత్తంగా బోనులో పట్టే పనికి వేటగాళ్లు అడ్డొస్తున్నారని.

కాబట్టి ముందు ఆ భూమి యజమానితో మాట్లాడండి. ఆయన బోను పెట్టే ఆలోచనలో ఉంటే మీ తూటా ఆయనకు నష్టమే. బోను అయ్యాక మిగిలిన ఒంటరి మగపందులు, బోనంటే భయపడే ముసలి ఆడపందులు ఉంటాయి. మీ రైఫిల్ పనికొచ్చేది అక్కడ.

నల్లరేగడి

ఈ కోణం నాకు తట్టనే లేదు. యజమానితో ఈ రోజే మాట్లాడాను. వచ్చే నెల బోను పెడతారట. నేను పేల్చిన రోజు నుంచి ఆ చేనులోకి మంద రాలేదని కూడా చెప్పారు.

నెత్తుటిజాడ

నేను గాయపడిన జంతువులను కుక్కతో వెతికి పెడతాను. మీరు రాసిన దాంట్లో ఒక్క వాక్యం చదవగానే దెబ్బ ఎక్కడో తెలిసిపోయింది: "నడుము పైకి ముడుచుకుని." కడుపులో తగిలిన జంతువు అలాగే ముడుచుకుంటుంది. ఊపిరితిత్తుల్లో తగిలినది తల వంచి విసురుగా పరుగెడుతుంది, ఎక్కువ దూరం పోదు.

మొదటి నెత్తుటి చుక్క దగ్గర ఆగి వంగి చూడాలి. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తులు. ముదురు రంగు, పచ్చటి మరకలు, దుర్వాసన ఉంటే కడుపు. కడుపు దెబ్బ అయితే వెంటపడకూడదు. కొన్ని గంటలు ఆగాలి. మీరు వెంటనే వెళ్లారు కాబట్టే అది మొదటి పడక నుంచి లేచింది, రెండో దాని నుంచీ లేచింది. ఆగి ఉంటే మొదటి పడకలోనే పోయి ఉండేదేమో. మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు, ఇంకోసారి పనికొస్తుందని.

గురి ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. జింకను కొట్టిన అలవాటుతో చాలామంది జబ్బ వెనక, ఒంటికి మధ్యలో పెడతారు. పందికి గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకు, ఇంకా కిందికి ఉంటాయి. ముందరి కాలి గీత వెంట పైకి వచ్చి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆగాలి. పెద్ద మగపందికి జబ్బల మీద తోలు కింద దళసరి కవచం ఉంటుంది. ఒకదాన్ని కోసినప్పుడు నా కత్తి దాంట్లో దిగడానికి రెండు చేతులూ వాడవలసి వచ్చింది, ఎండిన టైరును కోసినట్టుంది. మంచి తూటా దాన్ని దాటుతుంది, అయితే రంధ్రం వెంటనే మూసుకుపోయి నెత్తుటి జాడ సన్నబడుతుంది.

కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. అడవి పందుల్లో బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం ఉంటుంది, చేతి మీద చిన్న గాయం చాలు మనకు రావడానికి. మాంసం లోపలి దాకా 71 డిగ్రీల సెల్సియస్ చేరేలా ఉడకాలి.

కొత్తగురి

పెద్దలకు నమస్కారం. ఆ 6.5 బదులు ఇంకా పెద్ద తూటా .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అయితే వెనక తగిలినా పడిపోయేది కదా?

నెత్తుటిజాడ

పడేది కాదు. కడుపులో తగిలితే ఏ తూటా అయినా కడుపు దెబ్బే. .300తో పొట్టలో కొట్టిన పందిని మూడు మైళ్లు వెతికాను.

బ్యారెల్‌మేస్త్రి

నాయనా, ఇంకో మాట. పెద్ద తుపాకీ ఎదురుతన్ను ఎక్కువ. తన్నుకు భయపడి కళ్లు మూసుకునే వాళ్లు నా దగ్గరకు వారానికొకరు వస్తారు. 1952 నాటి .308 అయినా, 2007లో వచ్చిన క్రీడ్‌మోర్ అయినా నీ భుజం ఓర్చుకునేదే తీసుకో.

కావలిమంచె

రాత్రిపూట థర్మల్ స్కోప్ (ఒంటి వేడిని బట్టి చూపించేది) వాడే వాళ్లకు ఒక మనవి. థర్మల్‌లో వెచ్చటి ఆకారం కనిపించడం వేరు, అది ఏమిటో తెలియడం వేరు. నాలుగు వందల గజాల్లో దూడ, కుక్క, వంగి పనిచేసే మనిషి అన్నీ తెల్లటి మచ్చలే. నేను ఒకసారి గొర్రె మీద గురిపెట్టి సేఫ్టీ తీశాను. అది తల ఎత్తి చెవులు కదిపింది కాబట్టి ఆగాను. ఆ రాత్రి మళ్లీ రైఫిల్ ముట్టుకోలేదు.

లక్ష్యం వెనక ఏముందో కూడా థర్మల్ చెప్పదు. ఇలాంటి తూటా అడ్డు లేకపోతే మైళ్ల దూరం పోతుంది. పంది వెనక మట్టి కట్టో, కొండవాలో ఉంటేనే పేల్చాలి. ఆకాశం అంచు మీద నిలబడ్డ పందిని ఎంత దగ్గరున్నా వదిలేయాలి.

నల్లరేగడి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరూ చెప్పినవి ఒక్కొక్కటే చేశాను.

కాగితం ముక్క సాఫీగా జారింది. యాక్షన్ మరలు సరిగానే ఉన్నాయి. తూటా వేగం కొలిస్తే సగటున 2,610 అడుగులు, పెట్టె మీది అంకెకు తొంభై తక్కువ. ఆ తేడా 480 గజాల్లో దాదాపు నాలుగు అంగుళాల దిగువ అని యాప్ చెప్పింది. పంది మీద నేను కొలిచిన నాలుగు అంగుళాలూ అవే. చల్లటి బ్యారెల్‌తో పది రోజుల పది తూటాలు ఒకే కాగితం మీద పేల్చాను. అర అంగుళం కాదు, అంగుళం పైన పావు. బోర్లా కాకుండా ట్రైపాడ్ మీద కూర్చుని పేల్చితే రెండున్నర. రైఫిల్ చేసినవారి పనిలో వంక లేదు, తప్పుడు అంకెలన్నీ నావే.

స్టాక్ మీద అతికించిన పట్టీలో ఏ దూరానికి గురి ఎంత మార్చాలో 600 గజాల దాకా రాసుకున్న అంకెలుండేవి. కొత్త పట్టీ రాసి 250 దగ్గర ఆపేశాను.

బోనులో పదకొండు పందులు పడ్డాయి. యజమాని ఫోను చేసి, వాగు పక్కన ఒంటరి మగపంది తిరుగుతోందని చెప్పారు. నిన్న సాయంత్రం వెళ్లాను. మొదట కనిపించినప్పుడు 430 గజాలు, పక్కకు తిరిగి నిలబడింది. స్కోప్‌లోంచి కాసేపు చూసి, రైఫిల్ భుజానికి వేసుకుని ఎండిపోయిన వాగులోకి దిగాను. గాలి ముఖానికి తగులుతోంది. నలభై నిమిషాలు పట్టింది. చివరి యాభై గజాలు మోచేతుల మీద పాకాను. గట్టు మీద తల ఎత్తేసరికి 140 గజాల్లో ఉంది, వెనక ఎత్తైన మట్టి కట్ట. ముందరి కాలి గీత, కింది మూడో వంతు. ముట్టె నేలలో దిగే దాకా ఆగాను.

ఈసారి పేలుడుకూ తగిలిన చప్పుడుకూ మధ్య ఎడమే తెలియలేదు. పదకొండు అడుగులు వేసి పడింది. నేను లెక్కపెట్టాను.

నెత్తుటిజాడ

నెత్తురు ఏ రంగులో ఉంది?

నల్లరేగడి

లేత ఎరుపు, నురగతో.

బ్యారెల్‌మేస్త్రి

బాగుంది తమ్ముడూ. ఇప్పటికి ఎన్ని తూటాలు పేల్చావో లెక్క రాసి పెట్టుకో. ఈ క్యాలిబర్ బ్యారెల్ రెండున్నర, మూడు వేల తూటాల దగ్గర గొంతు (గాడులు మొదలయ్యే చోటు) అరిగి గ్రూపు విచ్చుకోవడం మొదలవుతుంది. ప్రతి అయిదు వందలకు ఒకసారి ఆ పది రోజుల కాగితం మళ్లీ పేల్చు. పాత కాగితాలు పారేయకు, పక్కపక్కన పెట్టి చూడాలి.